పక్కింట్లో ఉండిపోయిన స్వెట్టరు

మొన్న పొద్దున మా మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టి, ఎక్కడో ఉత్తరాది కొండల్లో, జింకలూ ఎలుగుబంట్లూ తిరిగే పెద్ద అడవి అంచున చెక్కలతో కట్టిన చిన్న ఇంటిని చూపించి, వచ్చే వారం మనందరం అందులో ఉండబోతున్నామని చెప్పింది. మధ్యాహ్నానికి ఆఫీసులో సెలవు కుదరలేదట, రద్దు చేసేసింది. సాయంత్రానికి మళ్ళీ కుదిరిందట, ఇంకో తేదీకి తీసుకుంది. ఇదేం చోద్యమే అంటే, వేలితో ఒక్క నొక్కు నొక్కితే చాలవ్వా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా తరం వాళ్ళకు చెబితే అర్థమవుతుంది గానీ, ఎందుకు రాలేదో దానికి చెప్పడం నా వల్ల కాలేదు.

మాది బిట్రగుంట రైల్వే కాలనీ. నాయన బొగ్గు ఇంజను డ్రైవరు. ఇంజన్ల షెడ్డు మా క్వార్టర్లకు ఎంత దగ్గరంటే, ఆరేసిన చీర దులిపితే బొగ్గునుసి రాలేది, అన్నం మీద మూత తీయాలన్నా గాలి ఎటు వీస్తోందో చూసుకోవాల్సి వచ్చేది. ఆ పొగ ఒకవైపు, బోగోలు మీదుగా వచ్చే సముద్రపు చెమ్మగాలి ఇంకోవైపు, మధ్యలో మా అమ్మ ఉబ్బసం. వానలు మొదలైతే ఆమె పడుకోవడమనేదే ఉండేది కాదు, గోడకు దిండు ఆనించుకుని కూర్చునే తెల్లవార్చేది. ఆమె గొంతులోని పిల్లికూతలు వింటూ నిద్రపోవడం మాకు అలవాటైపోయింది. ఇప్పుడు తలచుకుంటే ఆ అలవాటంటేనే భయం వేస్తుంది. ఆమెను చూసిన డాక్టరొకాయన, మందుల మాట తర్వాత, ముందు ఈ పొగలోంచి ఒక నెల బయటపడేయండి, కొండ మీదికి తీసుకుపోండి అన్నాడు.

ఆ మాట పట్టుకుని నాయన హార్స్‌లీ కొండ ప్రయాణానికి ఏర్పాట్లు మొదలుపెట్టాడు. మదనపల్లె అవతల, ఆ కొండ మీది అడవిలో చెక్క గది ఒకటి ఉంటే, తెలిసిన ఫారెస్టు గార్డు ద్వారా దాన్ని మాకోసం మాట్లాడాడు. రైలుకు పాసు ఎటూ ఉంది. గూడూరులో చిన్న బండికి మారాలి, పాకాల మీదుగా పోవాలి, దిగాక బస్సు పట్టుకోవాలి. ఇంజను నడిపే మనిషి గనక ఆయనకు దారంతా సిగ్నళ్ళతో సహా నోటికి వచ్చేది. సాయంత్రం వరండాలో కూర్చుంటే అదే ముచ్చట: కొండ మీద కట్టెలు దొరుకుతాయి గానీ తడిగా ఉంటాయి, కిరసనాయిలు మనమే మోసుకుపోవాలి, నీళ్ళు కాచుకోవడానికి పెద్ద గిన్నె కావాలి, చీకటి పడితే తలుపు తీయకూడదు. తమ్ముడు మంచం కింద దూరి అదే చెక్క గది అనేవాడు. నాయన తల్లి, మా అవ్వ, పల్లెలో వరిచేను కౌలుకిచ్చి మా దగ్గరే ఉండేది. ఆమె ఇదంతా చూసి, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమంట. ముందు సెలవు రానీరా," అనేది. అమ్మ మాత్రం పక్కింటి అత్త దగ్గర, అంటే మా గోడకు ఆనుకున్న క్వార్టర్లోని రైలు గార్డు గారి భార్య దగ్గర, అల్లిక నేర్చుకుని ముదురాకుపచ్చ ఊలుతో స్వెట్టరు అల్లుకుంది. చెమట తుడుచుకుంటూ స్వెట్టరు అల్లే మనిషిని చూసి కాలనీ అంతా ఆటపట్టించింది. ఆమె తనకోసం తాను చేసుకున్న వస్తువు, నాకు తెలిసి, అదొక్కటే.

సెలవు వచ్చింది. అయితే సెలవు మొదలయ్యే రోజు ప్రయాణానికి పనికిరాదనీ, మంచి ఘడియ అంతకు ముందే ఉందనీ అవ్వ పంచాంగం చూపించుకుని వచ్చింది. అలాంటప్పుడు మనవాళ్ళు ప్రస్థానం పెట్టేవారు. మంచి ఘడియలో మూటో సంచో ఒకటి గడప దాటించి ఇంకొకరి ఇంట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే లెక్క, మనిషి తర్వాత తీరిగ్గా బయల్దేరి దాన్ని తీసుకుని పోవచ్చు. కానీ ఆ మూట ముందుకే పోవాలి. వెనక్కి ఇంట్లోకి వచ్చిందంటే ఆ ప్రయాణం చెడినట్టే. కొండ మీద తప్ప అక్కరకు రానిది ఏదా అని వెతికి, స్వెట్టరును గుడ్డసంచిలో పెట్టి, సంచికి బొట్టు పెట్టి, అమ్మే తన చేత్తో పక్కింటి అత్తకు అందించింది. వాళ్ళ వసారాలో చిలక్కొయ్యకు వేలాడుతూ అది మా వాకిట్లోకి కనిపించేది.

ఆ సాయంత్రమే ముసురు పట్టింది. ముసురు తుఫానైంది. రైలు కట్ట కోసుకుపోయి బళ్ళన్నీ ఆగిపోయాయి. నాయన సెలవు మాట దేవుడెరుగు, కంకర బండి నడపమని పంపారు. "కట్ట పూడ్చంగానే వచ్చేస్తా, సంచిని కదిలించబాకండి," అని చెప్పి పోయాడు.

ఇల్లు కారింది, దుప్పట్లన్నీ తడిశాయి. అమ్మకు ఊపిరి అందడం లేదు, దానికి తోడు వణుకు. అది చూడలేక పక్కింటి అత్త సంచిని కొంగు కింద దాచుకుని, తడుస్తూ మా గడప దాకా వచ్చింది. అవ్వ అడ్డుపడుతుందనుకున్నాను. అవ్వ పక్కకు జరిగి దారిచ్చింది. వద్దన్నది అమ్మ.

"వద్దక్కా, లోపలికి తేబాక," అంది మాట మాటకూ ఆగుతూ. "ఈ ప్రయాణం నేను పోవాల."

"ప్రాణం కంటే ప్రయాణం ఎక్కువా అమ్మే? తొడుక్కో."

"ప్రాణం కోసమే గదక్కా ప్రయాణం."

పోనీ మా ఇంటికే వచ్చి ఉండు అని అత్త బతిమాలింది. ఆ వానలో నాలుగడుగులు వేసే ఊపిరి అమ్మకు లేదు. "నన్ను గూడా చిలక్కొయ్యకు తగిలిస్తావా?" అని అమ్మ నవ్వబోయింది, ఆ నవ్వు దగ్గులోకి దిగి మళ్ళీ పైకి రాలేదు. అత్త కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి పోయి సంచిని ఉన్నచోటే తగిలించింది.

స్వెట్టరు ఉంటే బతికేదని నేను అనను. ఊపిరాడని మనిషికి ఊలు ఏం చేస్తుంది? కాకపోతే వణకకుండా పోయి ఉండేది. అది కూడా తక్కువేం కాదు.

నాయన వచ్చేసరికి వాన వెలిసింది, కట్ట నిలబడింది, అమ్మ లేదు. అమ్మను వాకిట్లోకి తెచ్చాక, ఆయన పక్కింటి వసారాలోకి పోయి సంచి దించి, స్వెట్టరు తీసి ఆమెకు తొడగబోయాడు. చేతులు దూరలేదు. పైన కప్పి, చలి వేస్తున్న మనిషికి సర్దినట్టు మెడ దాకా లాగి సర్దాడు. సంచి ఇంట్లోకి రానే లేదు, అమ్మే దాని దగ్గరికి బయటికి వచ్చింది. "ఆ సంచి నేనెందుకు పెట్టించినానురా," అని అవ్వ అప్పుడు నేల మీద పడి ఏడ్చింది.

కొండకు మేము ఆ తర్వాత కూడా ఎప్పుడూ పోలేదు. నాకు అవ్వ మీద కొన్నాళ్ళు కోపం ఉండేది, అమ్మ మీద చాలా ఏళ్ళు ఉండింది. ఇప్పుడు లేదు. ఆ కొండ మీద ఒక్క రాత్రయినా నడుం వాల్చి నిద్రపోవాలని ఆమె ఎంత ఆశపడిందో, నాకూ వయసు మీదపడి ఊపిరి బరువయ్యాక తెలిసింది.

బిట్రగుంటలో బొగ్గు ఇంజన్లు పోయాయి, షెడ్డు గోడల్లో రావిమొక్కలు మొలిచాయని విన్నాను. ప్రస్థానమంటే మా మనవరాలికి తెలియదు. తెలియకపోవడమే మంచిది. అయినా ఒక ప్రయాణం మీద అంత ఆశ పెట్టుకున్నవాళ్ళు ఇప్పుడు కనిపించరు, వేలి నొక్కుతో పోయేదాని మీద ఎవరు మాత్రం పెట్టుకుంటారు?

నిన్న మనవరాలు నా బట్టలు సర్ది, సంచిని తలుపు దగ్గర పెట్టింది. అందరూ లోపల ఉండగా దాని మూతి విప్పి నా స్వెట్టరు తీసి తొడుక్కున్నాను. ఇంత ఉక్కలో ఇదేందవ్వా అని మనవరాలు పరుగెత్తుకొచ్చింది. చలిగా ఉందమ్మా అన్నాను. తేదీ మళ్ళీ మారినా సరే, ఇది మాత్రం నా ఒంటి మీదే ఉంటుంది.