నాంపల్లిలో దుప్పటి కొస

నాంపల్లి స్టేషనులో ఒక పెద్దింటివాళ్ల పరదా వల్ల మాకు బెజవాడ బండి తప్పిందని గుంటూరులో చాలాసార్లు చెప్పాను. అది నిజం కాదు.

యుద్ధం రోజులు. నేనూ నా భార్యా నెలల పిల్లతో సికింద్రాబాదు వెళ్లే బండి దగ్గర నిలబడ్డాం. బెజవాడ బండి సికింద్రాబాదులో ఎక్కాలి. అంతలో ఆ పెద్దింటి ఆడవాళ్లు వచ్చారు. ఒక ముసలమ్మ, ఒక నౌకరు చెరో కొసా పట్టి దుప్పటి ఎత్తితే, దాని చాటున నడిచి తమ పెట్టె ఎక్కారు. గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకుని ఆగాడు.

"దుప్పటి కోసం రైలు ఆపుతారా!" అని గట్టిగానే నవ్వాను.

అప్పుడే మా పిల్ల ఆకలికి గుక్కపట్టింది. పెట్టెలన్నీ కిక్కిరిసి ఉన్నాయి. అందరి ముందూ పాలివ్వలేక నా భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. ముసలమ్మ అది చూసింది.

"ఏడ్వకు బిడ్డా, గీ చాటుకు రా," అని ఆమెను గోడవారగా కూర్చోబెట్టింది. నౌకరు అప్పటికే సామానుతో వెళ్లిపోయాడు. ముసలమ్మ నావైపు తిరిగింది. "నవ్వినవు గదా అయ్యా, ఇగ గీ కొస నువ్వు వట్టు."

పట్టుకున్నాను. ఎవరూ చెప్పకుండానే అక్కడి మగవాళ్లంతా మొహాలు పక్కకు తిప్పుకున్నారు.

"గార్డు సాబ్, మా బెజవాడ బండి..." అన్నాను.

"గది పోతే ఇంకోటి వస్తది. పిల్లను తాగనీయున్రి."

పిల్ల కడుపు నిండాకే ముసలమ్మ దుప్పటి మడిచింది. ఆ తర్వాతే జెండా లేచింది. మేము సికింద్రాబాదు చేరేసరికి బెజవాడ బండి వెళ్లిపోయింది. ఆ రోజు రైలును ఆపింది మా అమ్మాయి.