మా అమ్మాయి గుండెలో శబ్దం

పదేళ్ళుగా ఒక అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. ఇవాళ మీకు చెప్పకపోతే ఇంకెవరికీ చెప్పలేను. నేను డాక్టర్ని. ఆ అబద్ధం డాక్టరుగానే చెప్పాను, నా కూతురికి.

మేముండేది మిన్నెసోటాలో. చలికాలం చెరువులు గడ్డకడతాయి. మా అమ్మాయి వాటి మీదే స్కేటింగ్ నేర్చుకుంది. హైస్కూల్‌కొచ్చేసరికి రాష్ట్రంలో దాన్ని మించిన పిల్ల లేదు. మంచు కరిగితే సైకిల్ రేసులు. అందులోనూ అంతే. రెండు కాలాల కప్పులూ మా దేవుడి అలమర పక్కనే ఉండేవి. నాకు గర్వం లేదా? ఉంది. డెబ్బైల చివర ఒకరోజు కోచ్ ఇంటికొచ్చి, ఇది రెండు ఆటల్లోనూ దేశం తరఫున ఆడగలదు, ట్రైనింగ్‌కి కొలరాడో పంపండి అన్నాడు. ఆ వారమే మనవాళ్ళంతా తలా ఒక వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లో ఒకావిడ కండలు తిరిగిన దాని తొడలు చూసి నవ్వింది, ఈ పిల్లకి సంబంధం ఎక్కణ్ణుంచి తెస్తారండీ అని. నన్ను భయపెట్టింది ఏది? పిల్ల దూరమవుతుందనా, పడి దెబ్బలు తగిలించుకుంటుందనా? అవన్నీ నాకు నేను చెప్పుకున్న సాకులు. ఆ నవ్వే.

జ్వరమొచ్చినా, కాలు బెణికినా ఇంట్లో నేనే చూసేదాన్ని. మన డాక్టర్ల ఇళ్ళన్నీ అంతే కదా. ట్రైనింగ్‌కి ముందు చెకప్ కూడా నేనే చేశాను. వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి స్టెతస్కోప్ పెట్టాను.

"గుండెలో ఉండకూడని చిన్న శబ్దం ఉందే."

"ఆర్ యూ ష్యూర్, అమ్మా? నాకేం అనిపించట్లేదు."

"అనిపించదు. అదే దాంతో చిక్కు. స్కేటింగ్ ఇక మానెయ్యాలి."

"మరి సైకిల్?"

"అదీ వద్దు తల్లీ."

అది ఏడవలేదు. నమ్మింది. కంచే చేను మేస్తుందని దానికెలా తెలుస్తుంది?

ఏడాది ఆగి, తగ్గిపోయిందని చెబుదామనుకున్నాను. తర్వాత కాలేజీ వచ్చింది, ఆ తర్వాత పెళ్ళి. చెప్పే రోజుని నేనే రానివ్వలేదు.

మొన్న ఆదివారం అల్లుడూ అదీ భోజనానికొచ్చారు. పిల్లలు వద్దనుకున్నామని తింటూ మామూలుగా చెప్పింది. తన గుండె తట్టుకోదని పెళ్ళికి ముందే అతనికి చెప్పేసిందట. ఇంకో డాక్టరుకి చూపించుకోలేదా అని అడిగాను. నువ్వు చూశావుగా అంది. తల్లిని, పైగా డాక్టర్ని, నా మాట నమ్మి అది పిల్లల్ని కూడా వద్దనుకుంటుందన్న ఆలోచన ఇన్నేళ్ళలో నాకు ఒక్కసారైనా రాలేదు. నేనేనా ఈ పని చేసింది? తిన్నాక అది మెట్లెక్కింది, రెయిలింగ్ పట్టుకుని, మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని.

ఈ ఆదివారం మళ్ళీ వస్తారు. చెబుతాను. క్షమించమని అడిగే మొహం లేదు. మీకు చెప్పాక మాత్రం కాస్త ఊపిరాడుతోంది. ఆ రోజు నేను నిజంగా విన్నదేమిటో కూడా వినండి. నిదానంగా, ఎక్కడా తేడా లేకుండా కొట్టుకుంటున్న గుండె. అంత మంచి గుండె నేను మళ్ళీ ఎవరిలోనూ వినలేదు.