చెప్పులేసుకున్నవా అని అడిగిన గొంతు

నేను ఒక తండ్రి దగ్గర ఆయన కూతురి మాట దొంగిలించాను.

రాసి చూస్తే ఇంతే ఉంది. ఎవరికైనా చెబితే నవ్వుతారేమో. మా అమ్మీకి చెబితే, దీనికా ఇన్నేళ్లు ముఖం మాడ్చుకుని తిరిగావు అని తిట్టి వంటింట్లోకి పోతుంది. కానీ పదిహేనేళ్లు దాటినా ఈ బరువు నా మీది నుంచి దిగలేదు. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే చాలు, అవతలి గొంతు వినేదాకా నా గొంతు బయటపెట్టను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ ధైర్యంతోనే చెబుతున్నాను. మధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తే పట్టించుకోకండి. నాకు ఆ అలవాటుంది.

రెండువేల ఎనిమిదో, తొమ్మిదో. ఖమ్మంలో మిర్చి యార్డుకు దగ్గర్లో, ఒక కొట్టు పై అంతస్తులో మా ఆఫీసు. ఫోన్లలో ప్రకటనలు వినిపించడం మా పని. ఊళ్లలోకి సెల్లులు అప్పుడప్పుడే వస్తున్నాయి. చదువు రానివాళ్లకు మెసేజీలు పంపి లాభం లేదు కదా, అందుకని ముందే రికార్డు చేసిన గొంతుతో కంప్యూటరే వేల నంబర్లకు ఒకేసారి ఫోన్ చేసేది. విత్తనాలు, పురుగుమందులు, కోచింగ్ కాలేజీలు, ఏదైనా సరే. ఆ గొంతు నాది. డిగ్రీ అయి ఖాళీగా ఉన్నదాన్ని, మాట గలగలమంటుందని తీసుకున్నారు. బయటి చప్పుడు పడకుండా నెత్తి మీదుగా దుప్పటి కప్పుకుని, కింది నుంచి వచ్చే మిర్చి ఘాటుకు తుమ్ములు ఆపుకుంటూ, "రైతు సోదరులకు నమస్కారం" అనేదాన్ని. రైతు సోదరులు అక్కడే ఫోన్ కట్ చేసేవారు.

మాకు పోటీగా హైదరాబాద్ నుంచి ఇంకో కంపెనీ దిగింది. వాళ్లవి పెద్ద యంత్రాలు, తేనె పూసిన గొంతులు. ఒక పురుగుమందుల కంపెనీ తన ప్రకటనలన్నీ ఎవరికివ్వాలో తేల్చుకోవడానికి మా ఇద్దరికీ పరీక్ష పెట్టింది. ఎవరి ఫోన్ను జనం ఎక్కువసేపు వింటే వాళ్లకే పని. ఎన్ని సెకన్లు విన్నారో కంప్యూటర్ చెప్పేస్తుంది. మొదటి విడత మేం చిత్తుగా ఓడాం. మా సార్ మంచివాడే, ఓడిన రోజు మాత్రం కాదు. నీ గొంతు రేడియో లెక్కుంది, ఇంట్ల మనిషి లెక్క లేదన్నాడు. చర్ల పోయి సంత రోజుల్లో రీచార్జ్ షాపులో కూర్చో, జనం ఫోన్లో మొట్టమొదట ఏమంటారో రాసుకుని రా అని పంపాడు.

అలా నేను మనుషుల మొదటి మాటలు ఏరుకోవడానికి పోయాను. వానాకాలం. భద్రాచలం దాటాక బస్సు ఊగిన ఊపుకు నా పుస్తకంలో గీతలు తప్ప అక్షరాలు లేవు. షాపాయన ఒక స్టూలు వేశాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో సిగ్నల్ లేక అందరూ చర్లకొచ్చే మాట్లాడుకునేవారు. హలో అనేవాళ్లు తక్కువ. "వాన వడ్డదా?" అనేవారు. "ఎద్దు లేచిందా?" అని ఒకాయన అడిగి, అవతల ఏం విన్నాడో, అక్కడే కూలబడ్డాడు. నేను అన్నీ రాసుకున్నాను. పరాయివాళ్ల మాటలు అలా రాసుకోవచ్చా అన్న అనుమానం అప్పుడే రావాలి. రాలేదు. సరదాగా ఉండింది.

రెండో సంతకు కన్నయ్య వచ్చాడు. అరవై దాటిన మనిషి, చర్ల అవతల అడవిలో పోడు చేసుకుంటాడు. చెప్పులు కాళ్లకు లేవు, చేతిలో ఉన్నాయి. షాపాయనకు తన ఫోన్ ఇచ్చి, ఏమన్నా వచ్చిందా చూడమన్నాడు. ఏమీ రాలేదన్నాడు ఆయన. ఆ తర్వాత కన్నయ్య నా పక్కన కూర్చుని, అడగకుండానే అంతా చెప్పాడు. కొందరికి అలా నాతో చెప్పాలనిపిస్తుంది. నా ముఖంలో ఏముందో మరి.

ఆయనకు ఒక్కతే కూతురు, సమ్మక్క. హాస్టల్లో పదో తరగతి చదివింది. ఇంట్లో వాళ్ల గూడెం భాషే అయినా, తండ్రిని ఆటపట్టించడానికి ఆయనతో తెలుగే మాట్లాడేది. ఒక మేస్త్రి వెంట కర్ణాటక వైపు మిల్లు పనికి పోతూ తండ్రికి ఫోన్ ఒకటి, చెప్పులు ఒక జత కొనిచ్చింది. ప్రతి సంతకు ఫోన్ చేసేది. "నాయినా, నేనే. చెప్పులేసుకున్నవా?" ముందు ఆ మాట, తర్వాతే ఏదైనా. అరిగిపోతాయని ఆయన వాటిని చేతిలో పట్టుకునే, ఏసుకున్న బిడ్డా అనేవాడు. అబద్ధమని ఆమెకు తెలుసు. నవ్వేది. తర్వాత ఫోన్లు ఆగిపోయాయి. వెంట పోయినవాళ్లు తిరిగొచ్చి, జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయింది, అక్కడే దహనం చేశామన్నారు. తల్లి నమ్మి ఏడ్చింది. కళ్లతో చూడలేదు కాబట్టి ఆయన నమ్మలేదు. రెండేళ్లు అలాగే గడిపాడు. ఇక చాలు అనుకున్నాడట. వాళ్ల ఊళ్లో పోయినవాళ్ల పేరున రాయి నిలబెడతారు. అది నిలబెడితేనే పోయిన మనిషి పెద్దల్లో కలుస్తుంది, లేకపోతే దిక్కులేక తిరుగుతుంటుంది. పంట ఇంటికొచ్చాక బిడ్డకు రాయి పెడతానని భార్యకు మాటిచ్చాడు. ఇదంతా కంట తడి లేకుండా చెప్పాడు. అలసిపోయి ఒప్పుకున్న మనిషి నెమ్మది అది.

నేనేం చేశాను? అయ్యో అన్నాను. నిజంగానే అన్నాను. ఆ చేత్తోనే పుస్తకంలో రాసుకున్నాను: నాయినా, నేనే, చెప్పులేసుకున్నవా. కింద రెండు గీతలు కూడా గీశాను.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా అబ్బా, అంటే నాన్న, పరుపులు కుట్టేవాడు. నాకు తొమ్మిదేళ్లప్పుడు కొత్తగూడెంలో ఇంకో సంసారం పెట్టుకుని మమ్మల్ని వదిలేశాడు. బస్సెక్కితే పోయి రాగలిగే దూరమే. ఆయన రాలేదు, మేం పోలేదు. అబ్బా అని పిలవాలని నాకు ఎంత ఉండేదో! ఇంటర్ చదివే రోజుల్లో కూడా దూది ఏకే చప్పుడు వింటే ఆ వీధిలోకి తిరిగేదాన్ని. ఈ వయసులో రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా అది నిజం.

ఖమ్మం వచ్చి దుప్పటి కప్పుకుని రికార్డు చేశాను. "నాయినా, నేనే. చెప్పులేసుకున్నవా? చేన్ల పురుగు పుట్ర ఉంటది, పైలం." అంతవరకూ అని, ఒక్క క్షణం ఆగి, మందు పేరు చెప్పాను. ఒక్కసారికే కుదిరింది. నాయినా అనే పిలుపు మా ఇంటిది కాదు, కానీ ఆ పిలుపులో ఉన్న బెంగ మాత్రం నాదే. వింటున్న సార్ కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత చప్పట్లు కొట్టాడు.

నంబర్ల జాబితా నా చేతికే వచ్చింది. చర్ల షాపులో రీచార్జ్ పుస్తకం నుంచి నేనే ఎక్కించుకొచ్చిన నంబర్లవి. అందులో కన్నయ్య నంబరుంది. నాకు తెలుసు. ఫోన్ వెనక కాగితం మీద రాసి అంటించిన ఆ నంబరు ఆయన నాతోనే చదివించుకున్నాడు. ఒక్క మీట నొక్కితే అది పోతుంది. దాని మీద వేలు పెట్టి కూర్చున్నాను. నొక్కలేదు. ఎందుకు? మరిచిపోయానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అది పచ్చి అబద్ధం. పాపం ముసలాయన, ఒక్కసారి ఆ మాట విని సంతోషిస్తాడు అనుకున్నానా? అదీ కొంత ఉంది. అసలు సంగతి ఇంకోటి. ఎక్కడో ఒక తండ్రి నా గొంతు విని లేచి నిలబడాలని నాకు కోరిక పుట్టింది. వేల మందికి పోయే ఫోన్లో ఆ ఒక్క ఫోన్ నా సొంతానికి చేసుకున్నాను.

మేం గెలిచాం. జనం కట్ చేయలేదు, చివరిదాకా విన్నారు. ఆఫీసులో మిఠాయిలు పంచారు. వారం తిరక్కుండా హైదరాబాద్ వాళ్లు "అమ్మా, నేనే" అని మొదలెట్టారు. మేం "మామా" అన్నాం, వాళ్లు "బావా" అన్నారు. జిల్లాలో ఫోన్లన్నీ లేని చుట్టాలతో నిండిపోయాయి. మేం పడీపడీ నవ్వుకున్నాం.

దసరా దాటింది. ఒక మధ్యాహ్నం మెట్ల మీద దగ్గు వినిపించింది. కన్నయ్య. ఉతికిన చొక్కా, కాళ్లకు చెప్పులు. ప్రకటన ఖమ్మం నుంచి వస్తుందని షాపాయన చెప్పాడట. లోపల గదిలో సార్, మందుల కంపెనీవాళ్లు మాట్లాడుకుంటున్నారు. గుమ్మంలో నేనే ఉన్నాను.

"నువ్వు చర్లల కూసున్న పిల్లవే గదా!" అన్నాడు. ముఖమంతా వెలుగు. "నా ముచ్చట ఇని, మా సమ్మక్కను దేవులాడి పట్టుకున్నవ్. ఫోన్ చేపిచ్చినవ్. నేను సమజ్ చేసుకున్న బిడ్డా. యాడున్నది? ఒక్కసారి పిలువు."

నేను లోపలి గది తలుపు దగ్గరగా వేశాను.

"మూడుసార్లు చేసింది. నేను మాట్లాడుతనే ఉన్న, ఇనకుంట మందుల సంగతే చెప్తది. పక్కన సార్లున్నరేమో, నౌకరీ పోతదేమో అని నేనే ఊకున్న. మంచిగున్నదా?"

"అవ్ తాతా," అన్నాను. ఫోన్లో గొంతు నాదేనని గుర్తుపడతాడని భయపడి, బాగా తగ్గించి అన్నాను. "మంచిగనే ఉన్నది. ఇప్పుడు ఈడ లేదు. వేరే ఊరికి పంపిన్రు."

"ఎప్పుడొస్తది?"

"వస్తది."

"రాయి తెచ్చిపెట్టిన బిడ్డా. సుట్టాలందరికి చెప్పిన. ఫోన్ రాంగనే అందర్ని ఎనక్కి పంపిన. నాకు పిచ్చి లేసిందని మా ఇంటిది ఏడుస్తున్నది. ఇప్పుడు పోయి చెప్త." రెండు చేతులూ జోడించాడు. "నీ మేలు మరువ. చెప్పులేసుకున్నడని చెప్పు దానికి. ఈపారి నిజంగనే ఏసుకున్న."

మెట్లు దిగిపోయాడు. నేను ఆపలేదు.

ఎందుకు అవ్ అన్నాను? లోపల మందుల కంపెనీవాళ్లున్నారు, గొడవైతే పోటీవాళ్లు ఊరంతా చాటుతారు, నా ఉద్యోగం పోతుంది. ఇది ఒక కారణం. ఆ వెలిగే ముఖం ముందు ఆ పిల్లను రెండోసారి చంపలేకపోయాను. ఇది ఇంకోటి, వినడానికి బాగుంటుంది. కానీ నిజంగా చెప్పమంటారా? నా వైపు అలా చూసిన తండ్రి నాకు అంతకుముందు లేడు. ఆ చూపు ఇంకొంచెంసేపు ఉండాలనుకున్నాను. దానికోసం ఆయన ఇల్లు కూల్చాను.

ఆ ఏడాదే ఉద్యోగం మానేశాను. రెండు కంపెనీలనూ ఇంకో పెద్ద కంపెనీ మింగేసింది. మేం దేనికోసం అంత కొట్టుకున్నామో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు. నాలుగేళ్లకు, ఉండబట్టలేక, చర్ల పోయాను. షాపాయన నన్ను గుర్తుపట్టలేదు. కన్నయ్య సంగతి అడిగితే చెప్పాడు. చివరిదాకా ప్రతి సంతకు వచ్చి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చునేవాడట. ఒక వానాకాలం పోయాడు. ఆయనకు రాయి పెట్టారు. కూతురికి పెట్టలేదు. తండ్రి ఆమె గొంతు విన్నాడు కదా, ఖమ్మంలో ఎవరో బతికుందని చెప్పారు కదా, బతికున్న మనిషికి రాయి పెడితే అరిష్టం అని ఊరు ఒప్పుకోలేదట. మొదట నమ్మి ఏడ్చిన ఆ తల్లి కూడా ఇప్పుడు ఎటూ తేల్చుకోలేక దారి చూస్తూ ఉందట.

ఆ ఊరు అక్కడి నుంచి గంట నడక. దారి చూపిస్తానన్నాడు షాపాయన. నేను బస్సెక్కి ఖమ్మం వచ్చేశాను. చేసిన తప్పుల్లో ఇదే పెద్దదని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు కుర్రతనం అనుకోవచ్చు. ఈ వెనక్కి తిరగడానికి ఏ పేరు పెట్టను?

ఆ తల్లి ఇంకా ఉందో లేదో తెలియదు. ఉంటే ఏం చెప్పాలో ఇన్నేళ్లలో వందసార్లు అనుకున్నాను, ఒక్కసారీ నోటితో అనలేదు. ఈ కాగితం ముందు పెట్టుకుని, తలుపు వేసుకుని, ఇప్పుడే పైకి అన్నాను. అమ్మా, మీ సమ్మక్క ఫోన్ చేయలేదు. చేసింది నేను. వెంట పోయినవాళ్లు చెప్పినట్టే మీ బిడ్డ అప్పుడే పోయింది. మీ ఏడుపే నిజం, మీ ఆయనకు పిచ్చి నేనెక్కించాను. ఆమెకు రాయి పెట్టండి.