మూత తీయకూడని కుండ

ఈ మధ్య మా ఇంట్లో కరెంటు పోవడం లేదు. పోయినా ఇన్వర్టరు అందుకుంటోంది. దీనివల్ల నాలాంటివాడికి ఎంత నష్టమో ఎవరూ ఆలోచించరు. తప్పు మోపడానికి ఏమీ మిగల్లేదు.

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మొదట్లో, వరంగల్‌లో ఆ ఇబ్బంది ఉండేది కాదు. అమ్మ మిషన్ దవాఖానలో నర్సు. స్వదేశానికి వెళ్లిపోతూ విదేశీ డాక్టరమ్మ ఆమెకు ఒక కరెంటు కుండ, దాన్ని మన కరెంటుకు కుదిర్చే ఇటుకంత బరువైన ట్రాన్స్‌ఫార్మరు, ఒక వంట కాగితం ఇచ్చింది. కీమాలో బ్రెడ్డు పొడి, గుడ్డు కలిపి, రొట్టెలా ఒత్తి అందులో పెట్టి, ఎనిమిది గంటలు మూత తీయకుండా వదిలేస్తే మీట్ లోఫ్ అవుతుందట. బీఏ చదివాను కనుక కాగితం చదివే బాధ్యత నాది. అంతటితో ఆగితే బాగుండేది. నేను చేసుకోవాలనుకున్న అమ్మాయి తండ్రి కాజీపేటలో రైల్వే గార్డు. "ఆదివారం చర్చి అయినంక మా ఇంటికి రండ్రి, ఇంగ్లీషు వంట నేనే చేస్త" అని ఆయనకు చెప్పి వచ్చాను. (ఉద్యోగం ఎలాగూ లేదు, వంటైనా ఉండాలనిపించింది.) పిల్లనిచ్చేదీ లేనిదీ ఆ భోజనం అయ్యాక చెబుతానన్నారాయన.

ఆదివారం పొద్దున ఐదింటికి స్విచ్చి వేశాను. చప్పుడు లేదు, వాసన లేదు. "పొగ గూడ రాదేందిరా? ఉడుకుతాందా, పండుకున్నదా?" అని నాయనమ్మ మూత తీసింది. "అడుగంటుతది బిడ్డా" అని గరిటె పెట్టి కలిపింది కూడా. తర్వాత అమ్మ చూసింది. పక్కింటి అత్తమ్మ చూసింది. నేను మాత్రం వాళ్లు మూత సరిగ్గా పెట్టారో లేదోనని చర్చికి వెళ్లేముందు కొన్నిసార్లు, వచ్చాక కొన్నిసార్లు చూశానంతే. ఒంటిగంటకు అంచులు ఉడికాయి, నడుమ ఎర్రగా ఉంది, రొట్టె ఆకారం ఎక్కడా లేదు. చెడిపోయిందో, ఇలాగే ఉండాలో తెలియలేదు. అంతకుముందు లోఫును చూసినవాడు మా వాడ కాశిబుగ్గ మొత్తంలో లేడు. "సదివినోనివి నువ్వే గదరా, చెప్పు" అంది అమ్మ. కాగితం మళ్లీ చదివాను. అందులో నాయనమ్మ గురించి ఏమీ రాయలేదు.

అమ్మ కుండ లాక్కుంది. అంతా మూకుట్లో గుమ్మరించి, ఉల్లిగడ్డ, అల్లం, కారం వేసి ఇరవై నిమిషాల్లో కీమా కూర చేసేసింది.

గార్డుగారు ప్లేటు చూసి, "ఇంగ్లీషు వంటన్నవు?" అన్నారు.

"కరెంటు పోయింది మామయ్యా."

ఆయన తలెత్తి, గిర్రున తిరుగుతున్న ఫ్యానును కాసేపు చూశారు. రెండోసారి కూర వేయించుకున్నారు. చేయి కడుక్కున్నాక అమ్మతో అన్నారు, "పిల్లగానికి అబద్ధమాడుడు రాదు చెల్లె. మా బిడ్డకు ఫికర్ లేదు."

కుండ ఇప్పటికీ ఉంది. మొన్న ఆదివారం, నాలోని ఆ బీఏ కుర్రాడికి ఒక్కసారైనా లోఫు చూపిద్దామని మళ్లీ పెట్టాను. నాయనమ్మ లేదు, పక్కింటి అత్తమ్మ లేదు, ఇల్లంతా నిశ్శబ్దం. గంటయ్యాక మూత తీసి చూస్తుంటే, నాయనమ్మ గరిటె వల్లే చెడిందన్న నా కథను ఇన్నేళ్లుగా వింటున్న మా ఆవిడ వెనక నిలబడి ఉంది.

"అప్పుడు గూడ ఖరాబు చేసింది నువ్వే గద!"