నలభై తొమ్మిది మీటర్ల పూల్

మా నాన్న ఎవర్నీ ఊరికే నమ్మడు. వన్ టౌన్‌లో బట్టల కొట్టు ఆయనది. మిల్లు నుంచి గుడ్డ తాను వస్తే విప్పి మళ్లీ కొలుచుకుంటాడు. పాలు పోయించుకునేటప్పుడు వేలు ముంచి చూస్తాడు. ఈ విషయంలో నేను ఆయనకంటే రెండాకులు ఎక్కువే చదివాను. ఈత రేసులో పక్క లేన్ అమ్మాయి గోడ ముట్టిందో లేదో తల తిప్పి చూసి, బోలెడు నీళ్లు మింగేదాన్ని.

నాకు ఈత నేర్పిన మాస్టారిది ఉయ్యూరు దగ్గర పల్లె. కాలవల్లో ఈది పెరిగిన మనిషి. పొద్దున్నే అయిదున్నరకల్లా మెడలో స్టాప్‌వాచీతో పూల్ గట్టు మీద ఉండేవారు. ఎవరి మీదా అరిచేవారు కాదు. నాలుగేళ్లు ఆయన దగ్గరే ఈదాను. వంద మీటర్ల ఫ్రీస్టైల్‌లో రెండేళ్లు వరసగా స్టేట్ ఫస్టొచ్చాను.

ఇంటర్ మొదటి ఏడు. స్టేట్ పోటీలకి ఇంకా మూడు వారాలుందనగా ఒకరోజు మాస్టారు వాచీ నొక్కి, "నిమిషం మూడు సెకన్లమ్మా" అన్నారు. అంతకుముందు ఏడాదంతా నిమిషం ఆరు దగ్గరే కొట్టుమిట్టాడుతున్నాను. ఎగురుకుంటూ ఇంటికొచ్చి చెప్పాను. నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"నీళ్లలో పడితే గుడ్డ కుంచించుకుపోతుందిగానీ టైము కుంచించుకుపోతుందా?"

అక్కడ మొదలైంది. వేసవిలో పూల్‌కి కొత్త టైల్స్ వేశారు కదా, గోడ లావెక్కితే పూల్ పొట్టిదవదా అన్నాడు. ఆ సంగతి మాస్టారికి తెలియకుండా ఉంటుందా అన్నాడు. పిల్లల టైములు బాగున్నాయంటేనే కదా కొత్త పిల్లలు చేరేది అన్నాడు. ఆ మూడు సెకన్లు అబద్ధమైతే, స్టేట్‌లో అందరి ముందూ నా పరువు గంగలో కలుస్తుంది. మర్నాటి నుంచి మాస్టారి వేలు వాచీ మీద ఎప్పుడు పడుతోందోనని ఓరకంట కనిపెట్టడం మొదలుపెట్టాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆయన మెచ్చుకున్నా ఎందుకు మెచ్చుకుంటున్నారా అనిపించేది.

ఆదివారం పొద్దున నాన్న కొట్లోంచి ఇనప మీటరు బద్ద పట్టుకొచ్చాడు. ప్యాంటు మడిచి గట్టు మీద గొంతుకూర్చుని కొలిచాడు. నేను ఆయన వేలి పక్కన సుద్దముక్కతో గీతలు గీస్తూ పైకి లెక్కపెట్టాను. మిగతా పిల్లల తల్లిదండ్రులు చుట్టూ చేరారు. యాభై ఉండాల్సింది, నలభై తొమ్మిది అనగానే బద్ద వెళ్లి అవతలి గోడ అంచుకి ఆనింది.

అప్పుడే మాస్టారొచ్చారు. "నలభై తొమ్మిదికే అయిపోయిందండీ మీ పూల్" అన్నాడు నాన్న. "ఆ ఒక్క మీటరూ ఎవరు మింగారు మాస్టారూ?"

ఆయన సుద్దగీతల వంక చూశారు. తర్వాత నా వంక చూశారు. నేను తల దించుకున్నాను. ఏమీ అనకుండా వెళ్లిపోయారు. తప్పు లేనివాడికి నోరెందుకు పెగల్లేదు అన్నారు చూసినవాళ్లంతా. నేనూ అదే అనుకున్నాను. వారం తిరక్కుండా పిల్లలు వేరే కోచింగులకి మారిపోయారు. ఆయన రావడం మానేశారు.

నాన్న ఫోన్‌లో టైము చూస్తుంటే ఒక్కదాన్నే ఈదాను. పోటీలు వేరే ఊళ్లో జరిగాయి. గోడ ముట్టి తలెత్తితే బోర్డు మీద నా పేరు మొదట ఉంది. పక్కన నిమిషం మూడు సెకన్లు. మాస్టారు చెప్పిన టైమే. గెలిచిన సంతోషం తువ్వాలు కప్పుకునేలోగా ఆవిరైపోయింది.

నాన్న బోర్డు వంక అనుమానంగా చూసి, "ఈ పూల్ కూడా పొట్టిదేమో" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన మీద అరిచాను.

తిరిగొచ్చిన కొన్నాళ్లకి కొట్లో కూర్చునుండగా ఒకావిడ లైనింగ్ గుడ్డ అడిగింది. నాన్న కొలుస్తున్నాడు. మీటరు చివర బొటనవేలు నొక్కి, ఆ వేలికి అవతల నుంచి రెండో మీటరు మొదలుపెట్టాడు. మా కొట్లో తాతల నాటి నుంచీ అదే పద్ధతి. మీటరుకో బొటనవేలు కొనేవాళ్లది. తక్కువ కొలిచాడని ఎవరూ వేలెత్తి చూపకూడదు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ పూట మాత్రం ఆ వేళ్లు లెక్కపెట్టుకున్నాను.

"నాన్నా, పూల్ కూడా ఇలాగే కొలిచావా?"

"మరెలా కొలుస్తానే..." అని, తన వేలి వంక చూసుకుని ఆగిపోయాడు. నలభై తొమ్మిది బొటనవేళ్లు వరసగా పెడితే మీటరు. జన్మలో ఎవరికీ తక్కువ కొలవని మనిషి, ఆ చేత్తోనే ఒకాయనకి మీటరు తక్కువ కొలిచాడు.

మర్నాడే ఇద్దరం బస్సెక్కాం. చెరుకుతోటల పక్కన మాస్టారిది చిన్న పెంకుటిల్లు. నాన్న వాకిట్లోనే చేతులు జోడించాడు. "పొరపాటు నాదే మాస్టారూ. పూల్ యాభయ్యేనండీ."

"తెలుసండీ. మీరు అలా అనేసరికి నా మీద నాకే అనుమానమొచ్చింది. మర్నాడే టేపు తెచ్చి కొలుచుకున్నాను."

"మరి చెప్పలేదేం సార్?" అన్నాను. నాకు ఏడుపొచ్చేస్తోంది. "మళ్లీ వచ్చేయండి సార్."

"మీ నాన్నగారికి నేనెవర్నమ్మా, ఆయన కొలుచుకోవాల్సిందే. నువ్వు నన్ను ఒక్క మాట అడగాల్సింది."

అంత పొడుగు టేపు ఒక్కరే పట్టుకుని ఎలా కొలిచారు సార్ అన్నాను, తెలివితక్కువగా.

"రెండో కొస మీద రాయి పెట్టానమ్మా" అన్నారు.

ఆయన మళ్లీ రాలేదు. ఆ తర్వాత రెండేళ్లూ నేనే ఛాంపియన్ని. ఎవరైనా నీ గురువెవరు అనడిగితే ఆయన పేరే చెబుతాను. ఆ రాయి ఉన్నచోట ఉండాల్సింది నేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.