వించ్‌కి ఇనుప పీట

ఆ రోజుల్లో నా ఉద్యోగం, ఇనుము విరుగుతుందో విరగదో చెప్పడం. వైట్‌ఫీల్డ్‌లో ఒక గాజు భవనం నాలుగో అంతస్తులో కూర్చుని, ఎక్కడో విదేశాల్లో తయారయ్యే యంత్రభాగాల బొమ్మలు కంప్యూటర్లో పెట్టుకుని, వాటి మీద ఇంత బరువు పడితే ఎక్కడ ఎంత ఒత్తిడి పుడుతుందో లెక్కగట్టేదాన్ని. ఒత్తిడి తక్కువున్న చోట తెర మీద నీలం, పెరిగితే పసుపు, ప్రమాదమైతే ఎరుపు. నాలుగేళ్లు చేశాను ఆ పని. అన్నేళ్లలో నేను లెక్కగట్టిన భాగం ఒక్కటి కూడా నా చేతికి రాలేదు. అది నిజంగా ఎలా ఉంటుందో, ఎంత బరువుంటుందో, విరిగేటప్పుడు ఏ చప్పుడు చేస్తుందో నాకు తెలియదు.

రెండువేల మూడులో అనుకుంటాను, ఒక పాత జీపు కొన్నాను. తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసి, "జీపేమిటే? పోలీసులకు గదా జీపు!" అంది. బెళ్ళందూరులో మా అపార్టుమెంటు వాచ్‌మన్ కూడా చాలా రోజులు అది మా నాన్నదో అన్నదో అనుకున్నాడు. నాకు కావలసింది ఒక్కటే, తారు రోడ్డు అయిపోయిన తర్వాత ఏముందో చూడటం. ప్రతి ఆదివారం పొద్దున్నే హోసూరు రోడ్డు పట్టుకుని పోయి, నచ్చిన చోట పక్కకు దిగేదాన్ని.

ఒక ఆదివారం అత్తిబెలె దాటి ఒక ఎండిన చెరువులోకి దిగాను. పైన నెర్రెలిచ్చిన నేల, కింద పాయసంలా బురద. నాలుగు చక్రాలూ ఇరుసుల దాకా దిగబడ్డాయి. మైలు దూరం నడిచి ఒక ట్రాక్టరాయన్ని బతిమాలి, ఆయన భోజనం ముగించి చేతులు కడుక్కుని వచ్చేదాకా గట్టు మీద కూర్చున్నాను. అక్కడ కూర్చునే నిర్ణయించుకున్నాను, వించ్ ఒకటి ఉండాలని.

వించ్ అంటే జీపు ముందు బిగించే ఒక మోటారు. దానికి ఒక డ్రమ్ము, ఆ డ్రమ్ముకు చుట్టిన ఉక్కు తాడు ఉంటాయి. తాడు చివరి కొక్కెం ఎదురుగా ఉన్న చెట్టుకో బండకో తగిలించి మోటారు తిప్పితే, జీపు తనను తానే లాక్కుంటూ బయటికొస్తుంది. శివాజీనగర్ గుజిరీలో, అంటే పాత ఇనుప సామాన్ల బజారులో, ఏదో విదేశీ బండి నుంచి ఊడదీసిన వించ్ దొరికింది. బ్యాటరీకి తగిలిస్తే తిరిగింది. కానీ దాన్ని జీపుకు బిగించే అమరిక మాత్రం లేదు.

ఊళ్లో రెండు మూడు వర్క్‌షాపులు తిరిగాను. అందరిదీ ఒకటే మాట. "బంపర్‌కే వెల్డింగ్ కొట్టేస్తాం మేడమ్, ఏం కాదు."

"ఎంత లాగితే ఏం కాదు?" అని అడిగితే నన్ను వింతగా చూసేవాళ్లు.

సరే, ఇది నా పనే కదా అనుకున్నాను. వారం రోజులు ఆఫీసులో భోజనం వేళల్లో నేనే ఒక అమరిక గీశాను. మందపాటి ఇనుప పలక, రెండు పక్కల చెవులు, నాలుగు బోల్టులు. లెక్క కట్టాను. ఎక్కడా ఎరుపు రాలేదు. రంగుల్లో ప్రింటు తీసుకుని, అత్తిబెలె దారిలో గేట్లు, గ్రిల్లులు చేసే ఒక షెడ్డుకు వెళ్లాను.

ఆ షెడ్డు యజమానికి అరవై దాటాయి. ఒక ప్రభుత్వ కర్మాగారంలో ముప్పై ఏళ్లు పనిచేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకుని ఈ షెడ్డు వేసుకున్నాడు. జేబు మీద బ్యాడ్జీ పీకేసిన ఆనాటి నీలం చొక్కాయే ఇంకా తొడుక్కునేవాడు. నేను వచ్చీరాని కన్నడంలో మొదలుపెట్టగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"తెలుగులోనే చెప్పమ్మా. మా తాత కాలంనించి ఈడనే ఉండాం గానీ, ఇంట్లో తెలుగే."

నా ప్రింటు అందుకుని దూరంగా పట్టుకుని చూశాడు. "ఇదేందమ్మా, హోలీ ఆడినట్ల ఉండాది?"

రంగుల సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. నీలం అంటే ఏమిటి, పసుపు అంటే ఏమిటి, కంప్యూటర్‌కు బరువెట్లా తెలుస్తుంది అని ఒక్కొక్కటే అడిగాడు. నా పని గురించి అంత వివరంగా అడిగిన మనిషి అంతకుముందు ఎవరూ లేరు. చివరికి కాగితం మడిచి నా చేతికిచ్చి, "ముందు అట్టతో చేద్దాం" అన్నాడు.

"అట్టతోనా?"

"అట్ట తప్పయితే చింపి పారేస్తాం. ఇనుము తప్పయితే పారేయడానికి మనసు రాదమ్మా. ఎట్లనో ఒగట్ల దాన్నే ఇరికిస్తాం."

నా కంప్యూటర్ మానిటర్ వచ్చిన అట్టపెట్టెను కోసి, నా కొలతలతోనే పీట తయారుచేశాం. ఆయన దాన్ని పీట అనేవాడు, వించ్ కూర్చునేది కాబట్టి. అట్టపీటను జీపు ముందు పెట్టగానే నా డ్రాయింగులో లేని విషయాలు వరసగా బయటపడ్డాయి. ఇంజను స్టార్టు చేసే హ్యాండిల్ దూర్చే రంధ్రం మూసుకుపోయింది. ముందు స్ప్రింగు పట్టీల బోల్టు ఎప్పుడైనా తీయాల్సి వస్తే పానా దూరదు. వించ్ పక్కనుండే చిన్న లీవరు తిప్పడానికి వేళ్లు పట్టవు. ఆయన ప్రతిసారీ, "ఈడ చెయ్యి పెట్టి చూడమ్మా" అనేవాడు. పెట్టి చూసేదాన్ని. అట్ట కోసేవాళ్లం. రెండు ఆదివారాలు అట్టతోనే గడిచాయి. నాలుగో అట్టపీట సరిపోయింది.

తర్వాత ఇనుము కోశాం. ఆయన వెల్డింగ్ చేస్తుంటే నల్లద్దం పెట్టుకుని పక్కనే నిలబడి చూశాను. పీటను జీపు ఛాసిస్‌కు, అంటే బండి పొడవునా పోయే రెండు ఇనుప దూలాలకు, బోల్టులతో బిగించాం. అక్కడ వెల్డింగ్ ఎందుకు వద్దని అడిగితే, పాత ఇనుము ఆ వేడికి పక్కన పెళుసెక్కుతుందని చెప్పాడు. వించ్ కూర్చుంది. అద్భుతంగా కనిపించింది నాకు. వెంటనే ఆ చెరువు దగ్గరికే పోదామన్నాను.

"నువ్వు కంప్యూటర్లో చూసినావు. నేను చూడలేదు కదమ్మా" అంటూ లోపలికి వెళ్లి, గోడలకు వేయగా మిగిలిన సున్నం బకెట్టుతో తెచ్చాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన పీట మీదా, బోల్టుల చుట్టూ, ఛాసిస్ దూలాల మీద రెండడుగుల దాకా పాత రంగు గీకించాడు, నా చేతే. తర్వాత కుంచెతో సున్నం పలచగా పూశాడు. అది ఎండేలోపల చెప్పాడు. కర్మాగారంలో కొత్త దూలాన్ని పరీక్షించేటప్పుడు ఇలాగే పూసేవారట. ఎండిన సున్నం పెళుసు. కింద ఇనుము కొద్దిగా సాగినా సున్నం సాగలేదు, పెచ్చులై రాలుతుంది. రాలిన చోటే ఇనుముకు కష్టం వచ్చినట్టు.

నాలుగేళ్లుగా నేను తెర మీద రంగుల్లో చూస్తున్నదాన్ని ఈయన బకెట్టు సున్నంతో చూస్తాడన్నమాట!

షెడ్డు పక్కనే గ్రానైట్ కోసే స్థలం ఉంది. అక్కడ గదంత బండలు పడి ఉండేవి. జీపు వెనక భాగాన్ని గొలుసుతో ఒక బండకు కట్టాం, వించ్ తాడు ఎదురుగా ఇంకో బండకు తగిలించాం. తాడు తెగితే ఎగిరి రాకుండా మధ్యలో తడిపిన గోనెసంచులు వేశాడు. నన్ను పక్కకు, చాలా పక్కకు నిలబెట్టి, మీట చేతికిచ్చాడు.

"మెల్లగా. నేను సాకు అంటే ఆపేయాల." సాకు అంటే కన్నడంలో చాలు అని.

మోటారు గుర్రుమంది. తాడు బిగిసింది, జీపు ముక్కు రెండంగుళాలు వంగింది. మోటారు గొంతు మారి మూలగడం మొదలైంది. అప్పుడు టిక్కుమని చిన్న చప్పుడు, మళ్లీ ఇంకోటి.

"సాకు, సాకు!"

తాడు వదులు చేసి ఇద్దరం పరుగున వెళ్లి మోకాళ్ల మీద వంగాం. పీట మీద సున్నం చెక్కుచెదరలేదు. బోల్టుల చుట్టూ కూడా అలాగే ఉంది. నేను గర్వంగా ఆయన వైపు చూశాను. ఆయన పీట వైపు చూడటమే లేదు, జీపు కింద పడుకుని ఉన్నాడు.

"ఇట్ల రామ్మా."

నేనూ కిందికి దూరాను. పీటకు జానెడు వెనక, ఛాసిస్ దూలం మీద, వేలెడంత మేర సున్నం చేప పొలుసుల్లా లేచి ఉంది. నేల మీద తెల్లటి పొడి. నా పీట గట్టిగానే ఉంది. దాన్ని మోస్తున్న జీపే వంగుతోంది.

"నీ కంప్యూటర్లో ఈడ ఏం పెట్టినావు?" అని అడిగాడు, వెల్లకిలా పడుకునే.

"అక్కడ కదలదని పెట్టాను."

"కదలదని నీకెవరు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట నొక్కితే ఆ చివర ప్రపంచమంత గట్టిదైపోతుంది. నాలుగేళ్లుగా ఆ మీట నొక్కుతూనే ఉన్నాను. ఆయన మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. అందుకే ఇంకా గుచ్చుకుంది.

మర్నాడు ఆఫీసులో ఛాసిస్ దూలాలను కూడా గీసి మళ్లీ లెక్క పెట్టాను. ఎరుపు వచ్చింది, జానెడు వెనక, సరిగ్గా సున్నం రాలిన చోటే. ఒక్కదాన్నే కుర్చీలో కూర్చుని నవ్వాను. పక్క సీటు అబ్బాయి హెడ్‌ఫోన్స్ తీసి ఏమైందని అడిగాడు. చెప్పాను. అతనికి అందులో నవ్వడానికేముందో అర్థం కాలేదు.

ఆ వారమే, నేను చేస్తున్న ఇంకో పనిలో, ఈ భాగాన్ని మీరు దేనికి బిగిస్తారు అని విదేశంలోని కంపెనీకి ఉత్తరం రాశాను. అడగనిది ఎందుకు అడిగావని మేనేజర్ చిరాకుపడ్డాడు. పదిరోజుల తర్వాత జవాబొచ్చింది, పలచటి రేకుకు బిగిస్తారట. ఆ లెక్క మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది. మేనేజర్ తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

కొత్త ప్రింటు తీసుకుని షెడ్డుకు పోతే, ఆయన దాన్ని దూలం పక్కన పెట్టి వేలితో దూరం కొలిచాడు. "అరెరే, అదే చోటు చూపిస్తాది!" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. పీట చెవులను, వెనక రెండు దూలాలనూ కలిపే అడ్డపట్టీ దాకా పొడిగించాం. రెండు దూలాల మధ్య ఒక గొట్టం అడ్డంగా వేశాం. బోల్టులు బిగిస్తే బోలుగా ఉన్న దూలం నొక్కుకుపోకుండా లోపల చిన్న గొట్టపు ముక్కలు దూర్చాం. మళ్లీ సున్నం పూసి, మళ్లీ బండకు కట్టి లాగాం. మోటారు ఇక నావల్ల కాదని ఆగిపోయేదాకా లాగినా ఒక్క పెచ్చు రాలలేదు.

వానలు మొదలయ్యాక ఒక ఆదివారం ఇద్దరం బయల్దేరాం. చెరువు దాకా పోనేలేదు. అత్తిబెలె దాటి నాలుగు మైళ్లు పోయామో లేదో, మట్టిదారి పక్క గుంటలోకి ఒక పూల వ్యాను జారి ఒరిగిపోయి ఉంది. వ్యాను నిండా చామంతులు. డ్రైవరు మార్కెట్టు టైము దాటిపోతోందని ఏడుపు మొహంతో ఉన్నాడు. ఆ ప్రాంతం వాడే, తెలుగే మాట్లాడాడు.

"ఏంనా, మీ జీపుతో అయ్యే పనేనా ఇది?" అన్నాడు ఆయనతో.

"నన్నడుగుతావేమప్పా? బండి ఆయమ్మది."

కొక్కెం వ్యానుకు తగిలించి మీట నొక్కాను. వ్యాను కదల్లేదు. మా జీపే చక్రాలు బిగబట్టుకుని బురదలో దాని వైపు జారిపోయింది! పీటనూ దూలాలనూ అంత పరీక్షించాం గానీ, జీపును నేల పట్టుకుంటుందా అని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. పరీక్షలో వెనక బండకు కట్టామన్న సంగతే మరిచిపోయాం. ఆయన నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను, ఇద్దరికీ నవ్వాగలేదు. డ్రైవరుకు ఒళ్లు మండి, "నవ్వేది తర్వాత, ముందు నా పూల సంగతి చూడండి" అన్నాడు.

జీపు వెనక గొలుసును ఒక నీలగిరి చెట్టు మొదలుకు చుట్టి మళ్లీ లాగాం. ఈసారి వ్యాను కదిలింది. అంగుళం అంగుళంగా గుంట గోడెక్కి, ఒక్క కుదుపుతో దారి మీదకొచ్చి నిలబడింది. డ్రైవరు రెండు చేతులా చామంతులు తీసి జీపు వెనక సీట్లో పోసి, మాట కూడా లేకుండా వ్యాను తీసుకుని పరుగెత్తాడు.

తాడు చుట్టుతుంటే ఆయన వంగి డ్రమ్ము వైపే చూస్తున్నాడు. "అమ్మా, ఇంత చిన్న మోటారు అంత బరువు ఎట్ల లాగతాది? లోపల ఏముండాది?"

"పళ్లచక్రాలుంటాయి."

"అది నాకూ తెలుసు. ఎట్ల ఉండాయో నువ్వు చూసినావా?"

చూడలేదు. బొమ్మల్లో తప్ప చూడలేదని చెప్పాను. పై ఆదివారం షెడ్డు ముందు గోనెపట్టా పరిచి, బాగా నడుస్తున్న వించ్‌ని ఊరకే విప్పాం. గ్రీజులో మునిగి, ఒక చక్రం చుట్టూ మూడు చిన్న చక్రాలు తిరిగేలా ఉన్నాయి, ఒకదాని వెనక ఒకటిగా మూడు వరసలు. డ్రమ్ము ఒక్క చుట్టు తిరగాలంటే మోటారు ఎన్ని చుట్లు తిరగాలో చూద్దామని ఆయన డ్రమ్ము మీద సుద్దతో గీత గీశాడు. నేను మోటారు వైపు ఇరుసును వేళ్లతో తిప్పుతూ లెక్కపెట్టాను. ఎన్ని చుట్లు తిప్పినా ఆ గీత కదిలినట్టే లేదు.

"తిప్పు, తిప్పు" అన్నాడాయన, కళ్లు గీత మీదే పెట్టి.