ఆకుపచ్చ పట్టీ

ఫిషింగ్ హార్బరులో చేపలు కోస్తూ అమ్మ అరచెయ్యి తెగ్గోసుకుంది. గుడ్డ చుట్టి ఆటోలో ఆసుపత్రికి తీసుకొచ్చాను. ఎమర్జెన్సీ గుమ్మంలోనే నర్సు గుడ్డ విప్పి చూసి, గట్టిగా కట్టు కట్టి, రెండో చేతికి ఆకుపచ్చ పట్టీ తగిలించి కూర్చోమంది. మా తర్వాత నడుచుకుంటూ వచ్చిన ఒక పెద్దాయనకి మాత్రం ఎర్ర పట్టీ వేశారు. చెమటే తప్ప ఒంటిమీద చుక్క రక్తం లేదు. ఆయన్ని చక్రాల కుర్చీలో లోపలికి తోసుకుపోయారు.

నాకు ఒళ్లు మండింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదేనా అని నర్సు మీదికి వెళ్లాను. ఆవిడ విసుక్కోలేదు. దీన్ని ట్రయాజ్ అంటారని, ఎవరు ఆగలేరో వాళ్లకే ఎర్ర పట్టీ, వాళ్లే ముందని చెప్పింది.

కూర్చోలేను, నిలబడలేను. ఆ మాటేమిటో ఫోన్లో వెతికాను. ఫ్రెంచి మాటట, ఏరడం అని అర్థం. ఒకప్పుడు ఉన్నినీ కాఫీ గింజల్నీ రకం చూసి వేరు చేయడానికి వాడేవారట. తర్వాత యుద్ధాల్లో గాయపడ్డవాళ్ల దాకా వచ్చింది. ఆ కోపంలోనే అమ్మకి చదివి వినిపించాను.

"మా పనే కదేటి," అంది అమ్మ. ముప్పై ఏళ్లుగా బోటు ఒడ్డుకి రాగానే చేపలు ఏరే మనిషి. నెత్తళ్లలాంటి చిన్న చేపలు ముందు ఐసులోకి పోవాలి, లేకపోతే మెత్తబడిపోతాయట. "బతికున్న పీత ఆగుతాది. బుట్టలో ఒగ్గీడమే."

బుట్టలో వదిలేయడమే అన్న ఆ మాట నాకు గుచ్చుకుంది. తమ్ముడికి పుట్టుకతో ఉబ్బసం. వాడి ఆయాసం ముందు నా జ్వరాలన్నీ తర్వాతే. నా జడ, నా అన్నం, నా బడి కబుర్లు అన్నీ ఆగేవి. నలభై ఏళ్లొచ్చినా ఆ కడుపుమంట చల్లారలేదు.

"అయితే నన్నూ బుట్టలో ఒగ్గీసినావన్నమాట," అనేశాను.

ఇంతలో నర్సు తిరిగొచ్చి, అమ్మ చేత వేళ్లు కదిలించి చూసి, ఏదో రాసుకుని వెళ్లింది. పావుగంటకోసారి అలాగే వస్తోంది.

"బుట్ట కూడా మళ్లీ మళ్లీ సూడాల," అంది అమ్మ, వెళ్తున్న నర్సునే చూస్తూ. "పీతలైనా సచ్చిపోతాయి కదా. నువ్వాగుతావనుకున్నాను గానీ, నిన్ను మళ్లీ సూడనేదు."

టీ తెస్తానని లేచాను. కాలుగాలిన పిల్లిలా తిరిగింది చాల్లే అని, అమ్మ బాగున్న చేత్తో నా చీర కొంగు పట్టుకుని లాగింది.

"కూకో. సూడనీ."